మోకాటి చిప్ప అరుగుదలకు జెల్ ఇంజెక్షను: గుణదోషముల విచారణ

మోకాలి నొప్పి ముసలితనమునకు తోబుట్టువని మన దేశమున ననేకులు తలంతురు. అందుచేత కొందరు నొప్పిని సంవత్సరముల తరబడి సహించి యూరకుందురు. మరికొందరు ఎవరే మందు చెప్పినను దానిని కొని ప్రయత్నింతురు. ఈ రెండు మార్గములును క్షేమకరములు కావు. నొప్పి ఎచ్చట పుట్టుచున్నదో, ఏల పుట్టుచున్నదో, చేయబోవు చికిత్స వలన ఎంత మేలు కలుగునో తెలిసికొని నడచుకొనుట వివేకము.

మోకాటిలోనికి జెల్ ఇంజెక్షను నిచ్చు చికిత్స నేడు నగరములందును పట్టణములందును ప్రచారములో నున్నది. "మోకాటిలో గుజ్జు అరిగిపోయినది, సూదితో గుజ్జు ఎక్కింతురు" అని జనులు దీనిని గూర్చి చెప్పుకొందురు. ఈ మాటలో సత్యము కొంత గలదు, పొరపాటు కొంత గలదు. ఆ రెండింటిని వేరుచేసి చూపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ఒక ఉదాహరణమును గైకొనవచ్చును. యాబదియారేండ్ల ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని యొకామె కలదు. ఆమె తరగతి మేడమీద నున్నది. సమతలమున నడచునప్పుడు ఆమెకు బాధ లేదు. మెట్లు దిగునప్పుడు మాత్రము కుడి మోకాటి ముందుభాగమున పోటు పుట్టును. నేలపై పీట వేసికొని కూర్చుండినచో లేచుటకు గోడ పట్టుకొనవలెను. సినిమా చూచి లేచునప్పుడు మోకాలు బిగుసుకొనిపోవును. ఆమె నొక వైద్యుడు పరీక్షించి, ఎక్స్‌రే తీయించి, జెల్ ఇంజెక్షను తీసికొనుమని సూచించెను. దాని వెల ఆమె నెలజీతములో పెద్దపాలు. కుమార్తె పెండ్లికి కూడబెట్టిన సొమ్ములోనుండి తీయవలెను. తీసికొనవలెనా, వలదా? ఆమె ప్రశ్న ఇదియే. ఇట్టి ప్రశ్న వేలాది కుటుంబములలో నేడు కలదు.

1. మోకాటి చిప్ప – దాని పని

మోకాలు శరీరమునందలి కీళ్లలో మిక్కిలి పెద్దది. ఇందు మూడెముకలు కూడుకొనును. పైన తొడయెముక, క్రింద పిక్కయెముక, ముందు మోకాటి చిప్ప. ఈ చిప్ప తొడ ముందరి కండరముల స్నాయువునందు పొదిగియుండును. తొడయెముక దిగువ కొనయందు ఒక గాడి యున్నది. కాలు ముడిచి చాచునప్పుడెల్ల చిప్ప ఆ గాడిలో పైకి క్రిందికి జారుచుండును. బావిగిలకమీద చేదత్రాడు ఎట్లు పనిచేయునో చిప్ప ఇంచుమించుగ అట్లు పనిచేసి కండరముల బలమును కాలికి అందించును.

చిప్ప వెనుకవైపునను, గాడి ముఖమునను మృదులాస్థి యను నునుపైన పొర కలదు. చిప్ప వెనుకనున్న మృదులాస్థి శరీరమునందలి మృదులాస్థులన్నిటిలో మిక్కిలి మందమైనది. ఇది కారణము లేకుండ ఏర్పడినది కాదు. సమతలమున నడచునప్పుడు చిప్పపై పడు ఒత్తిడి దేహభారములో సుమారు సగము మాత్రమే. మెట్లు ఎక్కిదిగునప్పుడు అది దేహభారమునకు 3 రెట్లు మించును. గొంతుకూర్చుండి లేచునప్పుడు 7 రెట్లు దాటును. నేలపై కూర్చుండుట, గొంతుకూర్చుండి పనిచేయుట అలవాటైన మన దేశమున ఈ లెక్క ప్రతివారును గుర్తుంచుకొనదగినది.

ఈ మృదులాస్థి పలుచబడి, పగుళ్లువారి, క్రమముగా అరిగిపోవుటయే మోకాటి చిప్ప అరుగుదల వాతము. దీని గుర్తులు స్పష్టమైనవి. నొప్పి మోకాటి ముందుభాగమున, చిప్ప వెనుక లేక చుట్టును ఉండును. మెట్లు దిగునప్పుడు, గొంతుకూర్చుండునప్పుడు, చాలసేపు కాలు ముడిచి కూర్చుండి లేచునప్పుడు హెచ్చును. చిప్పపై చేయి యుంచి కాలు ఆడించినచో కరకరమను స్పర్శ తెలియును. సమతలమున నడక సాధారణముగా సుఖముగనే యుండును. మామూలు ఎక్స్‌రేలో ఈ అరుగుదల కనబడకపోవచ్చును. కాలు కొంత ముడిపించి చిప్పను పైనుండి చూచునట్లు తీసిన ఎక్స్‌రేలో చిప్పకును గాడికిని నడుమనున్న సందు తెలియును.

ఇచట ఒక ముఖ్య విషయము గలదు. మృదులాస్థికి నరములు లేవు. కావున నొప్పి దానినుండి నేరుగ పుట్టదు. దాని క్రిందనున్న ఎముకనుండి, కీలుపొరనుండి, చుట్టునున్న కొవ్వుమెత్తనుండి, స్నాయువులనుండి పుట్టును. అందుచేతనే ఎక్స్‌రేలో ఎక్కువ అరుగుదల గలవారు సుఖముగ తిరుగుటయు, కొద్ది అరుగుదల గలవారు మిక్కిలి బాధపడుటయు చూచుచున్నాము. చికిత్స చేయవలసినది మనుష్యునకు గాని ఎక్స్‌రే ఫిల్మునకు గాదు.

2. కీలునందలి ద్రవము

ఆరోగ్యముగనున్న మోకాటిలో ఒక చెంచాకు మించని చిక్కని ద్రవము కలదు. ఇది కోడిగ్రుడ్డులోని తెల్లసొనవలె జిగటగ నుండును. ఈ జిగటకు ప్రధాన కారణము హయాల్యూరోనిక్ ఆమ్లమను పదార్థము. ఇది చక్కెరజాతి అణువులు వేలకొలది గొలుసువలె కూడుటచే నేర్పడిన అతి పొడవైన అణువు. నెమ్మదిగ కదలునప్పుడు ఈ ద్రవము కందెనవలె పనిచేసి రాపిడిని తగ్గించును. తటాలున బరువు పడినప్పుడు స్ప్రింగువలె అదురును ఓర్చుకొనును. అరుగుదల వాతమున ఈ గొలుసులు తెగి పొట్టివగును. పదార్థముయొక్క పాలును తగ్గును. ద్రవము పలుచనై తన గుణమును కొంత కోల్పోవును.

తగ్గిన పదార్థమును బయటినుండి నింపినచో కీలు సుఖపడునుగదా యను తలంపునుండి జెల్ చికిత్స పుట్టినది. తలంపు సహేతుకమైనదే. కాని వైద్యమున తలంపు సహేతుకమైనంత మాత్రమున చాలదు, ఫలితము పరీక్షకు నిలువవలెను.

3. ఈ మందు చరిత్ర

1934లో న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు పశువు కంటిలోని గాజువంటి ద్రవమునుండి ఈ పదార్థమును తొలుత వేరుచేసిరి. గాజునకు గ్రీకుభాషలో నున్న పేరునుండి దీనికి ఆ నామము వచ్చినది. హంగరీ దేశమున జన్మించిన ఎండ్రె బలాష్ అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల తలమీది ఎర్రని జుట్టునుండి దీనిని మిక్కిలి శుద్ధమైన రూపమున తీయు విధానమును పెంపొందించెను. అట్లు సిద్ధమైన మందు మొదట కంటి శస్త్రచికిత్సలయందును, కుంటి పందెపుగుర్రముల కీళ్లయందును వాడబడినది. 1997లో అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ మోకాటి అరుగుదల వాతమున నొప్పి తగ్గించుటకై ఇట్టి ఇంజెక్షనులకు అనుమతి నొసగెను. ఆ అనుమతియందే ఒక నియమము కలదు. వ్యాయామాది మందులేని ఉపాయములును, సామాన్యమైన నొప్పిమాత్రలును చాలనివారికే ఇది యుద్దేశింపబడినది.

నేడు ఈ పదార్థమును కోడిజుట్టునుండియే గాక సూక్ష్మజీవులను పులియబెట్టు పద్ధతిచేతను తయారుచేయుచున్నారు. కొన్ని రకములలో గొలుసులను ఒకదానితో నొకటి రసాయనికముగ ముడివేసి మరింత చిక్కని జెల్‌గ మార్చుదురు. శాకాహార నియమము గలవారును, కోడిగ్రుడ్డు పడనివారును మందు ఏ మూలమునుండి తయారైనదో ముందుగ అడిగి తెలిసికొనవలెను.

4. ఇంజెక్షను ఇచ్చు విధము

ఈ మందును రకమునుబట్టి ఒకేసారిగ గాని, వారమున కొకటి చొప్పున 3 లేక 5 మారులుగ గాని ఇత్తురు. వారము వారము ఇచ్చు రకములలో మోతాదు సామాన్యముగ 2 మిల్లీలీటర్ల ప్రాంతమున నుండును. ఒకేసారి ఇచ్చు రకములలో కొన్నింట అది 6 మిల్లీలీటర్లు. రోగిని పడుకొనబెట్టి, చర్మమును క్రిమిరహితము చేసి, చిప్ప అంచుప్రక్కనుండి సూదిని కీలు కుహరములోనికి పంపుదురు. కీలులో నీరు చేరియున్నచో ముందుగ దానిని తీసివేయుదురు. అట్లుగాక క్రొత్త మందును ఆ నీటిలో కలిపినచో అది పలుచబడును. చిప్పకీలును, దాని క్రింది పెద్దకీలును ఒకే కుహరమున నున్నందున చిప్పకొరకు వేరు ఇంజెక్షను అక్కరలేదు.

మందు కుహరమునందే పడుట ముఖ్యము. చుట్టునున్న కొవ్వులో పడినచో నొప్పి హెచ్చును, ఫలము తగ్గును. అనుభవము గల వైద్యుని చేతను, అవసరమైనచో అల్ట్రాసౌండు యంత్రము చూపు దారిని అనుసరించియు ఇంజెక్షను చేయించుకొనుట మంచిది. పిమ్మట 48 గంటలు పరుగు, బరువులెత్తుట, చాలసేపు నిలుచుట మానవలెను. ఇంటిలో మెల్లగ తిరుగుటకు ఆటంకము లేదు.

5. మేలు ఎంత?

ఇది ఈ పాఠమునకు హృదయము.

మందు వెంటనే పనిచేయదు. మేలు కలిగినవారిలో అది 4 వారముల ప్రాంతమున కనబడి, 8 వారముల ప్రాంతమున హెచ్చుస్థాయి నంది, తరువాత క్రమముగ తగ్గుచు 6 మాసములకు ఇంచుమించుగ అంతరించునని పరిశోధనలను కూర్చి చూచినవారు కనుగొనిరి. ఆశ్చర్యమేమనగా, ఇచ్చిన మందు అంతకాలము కీలులో నిలువదు. రకమునుబట్టి కొన్ని దినములలోనో, కొన్ని వారములలోనో శరీరము దానిని తొలగించివేయును. కావున ఇది బండి ఇరుసున వేసిన కందెనవంటిదను ఉపమానము పూర్తిగ పొసగదు.

మేలు ఎంతటిది? ఉప్పునీటి ఇంజెక్షను పొందినవారికిని, నిజమైన మందు పొందినవారికిని తేడా యెంతయని చూచుట దీనికి సరియైన కొలత. 2022లో బి.ఎం.జె. అను వైద్యపత్రికలో ప్రకటింపబడిన సమీక్ష 169 పరీక్షలను, 21,000 మందికి పైబడిన రోగులను పరిశీలించెను. ఉప్పునీటితో పోల్చిన పెద్ద పరీక్షలలో తేడా 100 అంగల నొప్పికొలబద్దపై సుమారు 2 అంగలు మాత్రమే. రోగి తన దినచర్యలో గుర్తింపదగిన తేడా ఇంతకన్న చాల ఎక్కువగ నుండవలెను. అదే సమీక్షలో మందు పొందినవారియందు తీవ్రమైన అనారోగ్య సంఘటనలు కొంత హెచ్చుగ కనబడెను.

అట్లయినచో ఇంజెక్షను తీసికొని సుఖపడితిమని చెప్పువారి మాట అసత్యమా? కాదు. వారి సుఖము నిజమే. దాని కారణమును గ్రహింపవలెను. అరుగుదల నొప్పి ఎప్పుడును ఒకేరీతిగ నుండదు, ఎక్కుచు తగ్గుచుండును. మనుష్యుడు వైద్యునియొద్దకు పోవునది నొప్పి శిఖరమునందున్నప్పుడు. శిఖరమునుండి దారి ఎటుపోయినను క్రిందికే గదా! ఆ సమయమున ఏమి చేసినను, ఏమియు చేయకున్నను, కొంత ఉపశమనము సహజముగ కలుగును. దీనికి తోడు సూదిమందుపై రోగికి గల విశ్వాసము, నీరు తీయుటచే కలుగు తేలిక, కొన్నిదినముల విశ్రాంతి చేరును. ఉప్పునీరు పొందినవారికిని చెప్పుకొనదగిన సుఖము కలుగుట ఇందుచేతనే.

ఈ విషయమున వైద్యసంఘముల అభిప్రాయములు ఏకరీతిగ లేవు. ఇంగ్లండునందలి నైస్ సంస్థ 2022 మార్గదర్శకములలో ఈ ఇంజెక్షనును ఇవ్వవలదని చెప్పెను. అమెరికా ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ 2021లో దీనిని మామూలు వాడుకకు సిఫారసు చేయలేదు. అమెరికా రుమటాలజీ కళాశాల 2019లో షరతులతో వలదనెను. అదే సంవత్సరమున అరుగుదల వాతముపై పరిశోధించు అంతర్జాతీయ సంఘము షరతులతో అంగీకరించెను. నొప్పిమాత్రలు పడనివారికి, శస్త్రచికిత్సకు తగనివారికి కొందరు నిపుణులు నేటికిని దీనిని ఒక ప్రయత్నముగ సూచింతురు.

చిప్ప అరుగుదల విషయమున మరియొకటి చేర్చవలెను. పైన చెప్పిన పరీక్షలలో పెక్కు తొడయెముకకును పిక్కయెముకకును నడుమ అరిగిన రోగులపై జరిగినవి. కేవలము చిప్పకీలు అరిగినవారిపై జరిగిన పరిశోధనలు కొద్ది, అవియు చిన్నవి. కావున వీరికి మేలు తప్పక కలుగునని చెప్పుటకు ఆధారము మరింత స్వల్పము.

ఒక్కమాట నిశ్చయముగ చెప్పవచ్చును. జెల్ ఇంజెక్షను అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపింపదు. అట్లు మొలచునని ఏ ప్రకటనయైనను చెప్పినచో దానిని నమ్మరాదు.

6. హానులు – జాగ్రత్తలు

ఇంజెక్షను చేసినచోట కొద్ది నొప్పి, వాపు, వెచ్చదనము ఒకటి రెండు దినములుండుట సామాన్యము. అరుదుగ కొందరికి ఒకటి మొదలు మూడు దినములలో మోకాలు తీవ్రముగ వాచి ఎర్రబడును. గొలుసులు ముడివేసిన రకములలో ఇది హెచ్చుగ చూడబడినది. ఇంతకన్న అరుదైనను మిక్కిలి ప్రమాదకరమైనది కీలులో క్రిములు చేరుట. జ్వరము, వణకు, కాలు మోపలేనంత నొప్పి, ఎరుపుతో కూడిన వాపు కలిగినచో మరునాటివరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇంటివద్ద కాపడము పెట్టుచు కాలము గడపుట కీలునకేగాక ప్రాణమునకును ముప్పు.

మోకాటిపై పుండు, గజ్జి, చీము ఉన్నవారికిని, శరీరమున వేరొకచోట క్రిమిదోషమున్నవారికిని అది మానువరకు ఈ ఇంజెక్షను చేయరాదు. రక్తము పలుచబరచు మందులు వాడువారును, కోడి, గ్రుడ్డు, ఈకలు పడనివారును ఆ సంగతి ముందే తెలుపవలెను. గర్భిణులకును పాలిచ్చు తల్లులకును ఇది సామాన్యముగ ఇయ్యరు.

కొందరు జెల్‌కు బదులు స్టిరాయిడు ఇంజెక్షను పొందుదురు. అది త్వరగ పనిచేయును, వెల తక్కువ. కాని దాని మేలు కొన్ని వారములు మాత్రమే నిలుచును. మధుమేహము గలవారికి కొన్ని దినములు రక్తమున చక్కెర హెచ్చును. 3 మాసముల కొకటి చొప్పున 2 సంవత్సరములు ఇచ్చి చూచిన ఒక పరీక్షలో (2017) మృదులాస్థి ఉప్పునీరు పొందినవారికన్న హెచ్చుగ తరిగెను, నొప్పిలో తేడా కనబడలేదు. కావున దానిని మాటిమాటికి చేయించుకొనరాదు.

7. మొదట చేయవలసినవి

జెల్‌ను గూర్చి ఆలోచించుటకు ముందు ఖర్చు లేనివి, ఫలము నిశ్చితమైనవి కొన్ని కలవు. వానిని కనీసము 3 మాసములు శ్రద్ధతో ఆచరింపవలెను.

వ్యాయామము. తొడ ముందరి కండరములు బలహీనమైనచో చిప్ప గాడిలో సరిగ నడువదు. మంచముపై కాలు చాచి కూర్చుండి, మోకాటి క్రింద చుట్టిన తువాలు నుంచి, దానిని క్రిందికి నొక్కి 5 సెకండ్లు పట్టి విడువవలెను. ఇట్లు 10 మారులు. తరువాత వెల్లకిల పడుకొని, ఒక కాలు ముడిచి, రెండవ కాలిని వంచక ఒక జానెడు పైకెత్తి 5 సెకండ్లు నిలిపి దించవలెను. ఇదియు 10 మారులు. పిమ్మట ప్రక్కకు తిరిగి పడుకొని పైకాలిని నిటారుగ ఎత్తి దించవలెను. దీనిచే తుంటికండరములు బలపడును. ఉదయము, సాయంకాలము చేయుట మంచిది. వ్యాయామమున కొద్ది నొప్పి కలిగి మరునాటి ఉదయమునకు తగ్గినచో భయము లేదు. మరునాడును మిగిలినచో లెక్క తగ్గింపవలెను.

దేహభారము. బరువు హెచ్చుగనున్నవారు ఒక కిలోగ్రాము తగ్గినచో ప్రతి అడుగునను మోకాటిపై సుమారు 4 కిలోగ్రాముల భారము తగ్గునని కొలిచి తెలిసికొనబడినది. రోజునకు వేయు వేల అడుగులతో దీనిని గుణించి చూచినచో ఎంత మేలో తెలియును.

అలవాట్లు. నేలపై గాక ఎత్తైన కుర్చీపై కూర్చుండవలెను. మరుగుదొడ్డియందు కూర్చుండు పీట ఏర్పరచుకొనవలెను. వంటయింట కూరలు తరుగుట, బియ్యము ఏరుట బల్లవద్ద చేసికొనవచ్చును. పూజ, నమాజు మున్నగు ఆరాధనలను కుర్చీపై కూర్చుండి చేయుటకు ఏ సంకోచమును వలదు. మెట్లు ఎక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు నొప్పికాలు ముందు వేయవలెను. చేతికఱ్ఱను నొప్పి లేని వైపు చేతితో పట్టుకొనవలెను.

మందులు. మోకాటిపై పూయు నొప్పిమందు మొదట ప్రయత్నింపదగినది. మ్రింగు నొప్పిమాత్రలు కడుపునకును, మూత్రపిండములకును, గుండెకును హాని చేయవచ్చును. కావున అంగడిలో తామే కొని నెలల తరబడి మ్రింగరాదు. మధుమేహము, రక్తపుపోటు గలవారు మరింత జాగ్రత్త వహింపవలెను.

ఇవియన్నియు చేసినను నడక సాగనిచో, రాత్రి నిద్ర పట్టనిచో శస్త్రచికిత్సను గూర్చి నిపుణునితో మాటాడవలెను. అరుగుదల చిప్పకీలునకే పరిమితమైనచో ఆ భాగమును మాత్రము మార్చు పద్ధతియు కలదు.

8. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు

జెల్ ఇంజెక్షను సూచింపబడినప్పుడు రోగి ఈ ప్రశ్నలను వినయముతో, సంకోచము లేక అడుగవచ్చును. అడుగుట రోగి హక్కు, చెప్పుట వైద్యుని ధర్మము.

(1) నా నొప్పి చిప్పకీలునుండియే వచ్చుచున్నదా? (2) అరుగుదల ఏ దశయందున్నది? (3) వ్యాయామము సరిగ చేసి చూచితినా? (4) ఈ మందు ఏ మూలమునుండి తయారైనది? (5) ఎన్ని మారులు, మొత్తము వెల ఎంత? (6) మేలు కలుగకున్నచో తరువాతి మార్గమేమి?

పాఠమునకు మొదట చెప్పబడిన ఉపాధ్యాయిని ఈ ప్రశ్నలనే అడిగెననుకొనవచ్చును. "డాక్టరుగారూ, ఈ సూదితో నా మోకాలు మునుపటివలె అగునా?" అని ఆమె యడుగును. "కాదమ్మా. కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును. అరిగినది తిరిగి రాదు. మీ తొడకండరములు సన్నబడినవి. ముందు వానికి పని చెప్పుడు. మూడు మాసముల తరువాత రండు, అప్పటికిని బాధ తీరనిచో మరల ఆలోచింతము" అని నిజాయితీగల వైద్యుడు చెప్పును. ఆమె తరగతిని క్రింది గదికి మార్చుమని ప్రధానోపాధ్యాయుని కోరును. పీటకు బదులు కుర్చీ తెచ్చుకొనును. ఉదయము సాయంకాలము మంచముపై తువాలు నొక్కును. సొమ్ము పెండ్లికై మిగులును. మూడు మాసముల పిమ్మట మెట్లు దిగుట సుఖమైనచో మేలు. కానిచో, ఇంజెక్షనుయొక్క మేలును కీడును తెలిసికొనినదై, తన నిర్ణయమును తానే చేసికొనును. తీసికొన్నను, మానినను, అది మోసపోయిన నిర్ణయము కాదు.

మోకాళ్లు జీవితాంతము మనలను మోయవలసినవి. వానికి కావలసినది ముందుగ బలము, తరువాత ఓర్పు, ఆ తరువాతనే సూది.

పునశ్చరణ ప్రశ్నలు

1. మెట్లు ఎక్కిదిగునప్పుడు మోకాటి చిప్పపై ఒత్తిడి దేహభారమునకు ఎన్ని రెట్లు?

2. హయాల్యూరోనిక్ ఆమ్లము కీలునందు చేయు రెండు పనులేవి?

3. ఉప్పునీటి ఇంజెక్షను పొందినవారికిని సుఖము కలుగుటకు కారణములను వివరింపుడు.

4. ఇంజెక్షను పిమ్మట ఏ లక్షణములు కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను?

5. మెట్లు ఎక్కునప్పుడును దిగునప్పుడును ఏ కాలు ముందు వేయవలెను? ఏల?